ఏయూకి నూరేళ్లు: పేర్ల జాబితాలు చాలు, మిట్ట మీద జరిగిన పని చెప్పండి

వాల్తేరు_వాసు:
2026 ఏప్రిల్ 26కి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి, అదే మన ఆంధ్రా యూనివర్సిటీకి (ఏయూ), నూరేళ్లు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజుకో ఫార్వర్డు వస్తోంది, అన్నిట్లోనూ అవే పేర్లు. సి.ఆర్.రావు గారు, వెంకయ్యనాయుడు గారు, జీఎంఆర్ గారు. వీసీల్లో కట్టమంచి రామలింగారెడ్డి గారు, రాధాకృష్ణన్ గారు. కింద పూలదండ ఎమోజీలు.

వాళ్ల గొప్పతనం కాదనను. నా గొడవ వేరే. ఒక మనిషి మన దగ్గర రెండు మూడేళ్లు చదివి, వెళ్లి, ఎక్కడో గొప్పవాడైతే అది ముందు ఆయన ఘనత. యూనివర్సిటీ ఘనత అంటే ఇక్కడ, ఈ వాల్తేరు మిట్ట మీద, జరిగిన పని. ఇక్కడి ల్యాబులో, లైబ్రరీలో, హాస్టల్లో. అలాంటివి చెప్పండి, నేను జాబితా కడతా. మీకు తెలిసినవి, మీరు చూసినవి. వికీపీడియాలోంచి కాపీ కొట్టి పెట్టేవాళ్లకు ముందే దండం.

గణాంకం_గౌరి:
వాసు గారూ, మొదటి గొడవ నాతోనే. నేను స్టాటిస్టిక్స్ మనిషిని, సి.ఆర్.రావు గారిని అంత తేలిగ్గా వదలను.

ఆయన ఇక్కడ గణితంలో ఎం.ఏ. ఫస్ట్ ర్యాంకులో పాసై, కలకత్తా వెళ్లి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ క్లాసు చెబుతుండగా దండేకర్ అనే స్టూడెంటు ఒక ప్రశ్న వేశాడు. డేటా కుప్పలుగా ఉన్నప్పుడు ఫిషర్ అనే ఇంగ్లీషు స్టాటిస్టిక్స్ పండితుడు చెప్పిన సూత్రం, డేటా కొంచెమే ఉన్నప్పుడు కూడా నిలుస్తుందా అని. రాత్రంతా కూర్చుని మర్నాడు జవాబు తెచ్చారట. అదే 1945 పేపర్లో అచ్చయింది. ఎంత నేర్పుగా అంచనా కట్టినా పొరపాటు ఇంతకంటే కిందికి దిగదు అని ఆయన గీసిన గీతని ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావ్ హద్దు అంటోంది. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. ఆ పేపరుకి 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు, ఆయన 102వ ఏట. అదే ఏడాది ఆగస్టులో పోయారు.

వాల్తేరు_వాసు:
గౌరి గారూ, కథ అద్భుతంగా చెప్పారు. కానీ చూడండి, ప్రశ్న పుట్టింది కలకత్తాలో, జవాబు దొరికింది కలకత్తాలో. నా పాయింటుకే బలం.

గణాంకం_గౌరి:
ఆ రాత్రి కూర్చోగలిగే లెక్కల పునాది ఎక్కడిదండీ? అన్నం కలకత్తాలో తిన్నారు, ధాన్యం మనది.

వాల్తేరు_వాసు:
😄 సగం మార్కు ఇస్తున్నా.

జియో_మాస్టారు:
నమస్కారం. రిటైరై చాలా ఏళ్లయింది, ఫోనులో టైపు చేయడం నాకు కష్టం. మనవరాలు టైపు చేస్తోంది.

మిట్ట మీద కాదు, మిట్ట కింద జరిగిన పని చెబుతాను. బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే ఏమీ కనబడదు కదా. ఖండపు అంచు దాటాక నేల ఒక్కసారిగా వాలిపోతుంది. ఆ వాలులో పెద్ద పెద్ద లోయలు ఉన్నాయి, కేన్యన్లు అంటారు. అందులో ఒకదాని పేరు ఆంధ్రా కేన్యన్. ఇంకొకటి మహదేవన్ కేన్యన్. మొదటిది మన యూనివర్సిటీ పేరు, రెండోది మన జియాలజీ ప్రొఫెసర్ సి.మహదేవన్ గారి పేరు. వాటి గురించి 1964లో పేపరు రాసినవాడు లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త. ఆయన 1950లలో విజిటింగ్ ప్రొఫెసరుగా వాల్తేరు వచ్చి, మన కుర్రాళ్లకి సముద్రాన్ని కొలవడం నేర్పాడు.

కొలవడం అంటే ఏమిటనుకుంటున్నారు? పడవలో వెళ్లి థర్మామీటరు దింపడం, సీసాలో నీళ్లు పట్టడం, ఇసుక ఏ నెలలో ఎంత పోయిందో ఎంత వచ్చిందో మేకు పాతి చూడటం. ఎండాకాలం మొదట్లో ఊళ్లో చెమటలు పోస్తుంటే ఒడ్డున నీళ్లు మాత్రం చల్లగా తగులుతాయి. నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది, పైనున్న వెచ్చటి నీళ్లని లోపలికి తోస్తుంది, అడుగునున్న చల్లటి నీళ్లు ఆ ఖాళీలోకి లేస్తాయి. దాన్ని అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీటితోపాటే చేపలకి మేత కూడా పైకొస్తుంది. జాలర్లకి ఇది ఎప్పటినుంచో తెలుసు. అంకెల్లో రాసింది వాల్తేరు వాళ్లు, లాఫాండ్.

సిక్కోలు_చిన్నోడు:
మాస్టారూ, మూడేళ్లు ఆ బీచ్‌లోనే మురీ మిక్చర్ తిన్నాను. ఎదురుగా సముద్రం కింద మన యూనివర్సిటీ పేరుతో లోయ ఉందని ఒక్కడూ చెప్పలేదు! మా డిపార్టుమెంటు కామర్సు అనుకోండి. అయినా సరే.

మరి ఆ నల్ల ఇసుక సంగతేటండీ? కొన్నిచోట్ల ఒడ్డంతా బొగ్గుపొడి జల్లినట్టు ఉంటాది.

జియో_మాస్టారు:
మంచి ప్రశ్న. బొగ్గు కాదు బాబూ, అవి బరువైన ఖనిజాలు. ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, కొంచెం మోనజైట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి, గెడ్డల్లో కొట్టుకొచ్చి సముద్రంలో పడతాయి. అలలు తేలికపాటి తెల్ల ఇసుకని లాక్కుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి. చేటలో బియ్యం చెరిగినట్టే. మోనజైట్‌లో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉంటుంది. ఈ తీరపు ఇసుకలో మోనజైట్ గురించి మహదేవన్ గారు, శ్రీరామదాస్ గారు 1948లోనే రాశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది అప్పటికి.

తెలుగు_పంతులు:
సైన్సు వాళ్లే మాట్లాడుతున్నారు, కాస్త జరగండి.

తెలుగు శాఖకి మొదట్లో పింగళి లక్ష్మీకాంతం గారు. తరవాత గంటి జోగిసోమయాజి గారు. ఆయన దగ్గర చదివిన కుర్రాడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. అమెరికా వెళ్లి తెలుగు క్రియల ధాతువుల మీద పీహెచ్‌డీ చేసి వచ్చారు, అది 1961లో పుస్తకంగా వచ్చింది. ఆ తరవాత వ్యవసాయ పదాల మాండలిక కోశం, 1962. నాగలికి ఏ జిల్లాలో ఏ భాగాన్ని ఏమంటారో రైతుల నోట విని రాసుకున్న పుస్తకం అది. పండితుల్ని అడగలేదు, పొలానికి వెళ్లి అడిగారు. నా దృష్టిలో ఏయూ చేసిన అతి పెద్ద పని అదే.

ఇంకో మాట. లైబ్రరీని చూసుకున్నది అబ్బూరి రామకృష్ణారావు గారు. కవి, నాటకాల మనిషి. ఒక కవి చేతిలో లైబ్రరీ ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. టాగూరు 1933లో వాల్తేరు వచ్చి మనిషి అనే విషయం మీద వరుస ఉపన్యాసాలు ఇచ్చారు, అవి యూనివర్సిటీయే పుస్తకంగా వేసింది. ఆ రోజుల్లో రాధాకృష్ణన్ గారు వీసీ. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి కుర్ర లెక్చరర్లను బెంగాల్ నుంచి పట్టుకొచ్చారు.

ఓయూ_వాడిని:
దొంగతనంగా ఈ థ్రెడ్ చదువుతున్న ఉస్మానియా వాడిని. పంతులు గారూ, ఒక సవరణ. మీరన్న ఆ మాండలిక కోశం, మాండలిక వృత్తి పదకోశం, వేసింది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ, ఏయూ కాదు. ఇంకా కృష్ణమూర్తి గారు 1962 నుంచి 86 దాకా మా ఉస్మానియాలోనే ఉన్నారు, తరవాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వీసీ. అంటే పొలం మీది, కోత మాది. మీ ఫిజిక్సు భగవంతం గారిని కూడా 1952లో మేమే వీసీగా ఎత్తుకొచ్చుకున్నాం.

తెలుగు_పంతులు:
అకాడమీ సంగతి మీరన్నదే నిజం, తప్పు ఒప్పుకుంటున్నా. కానీ ఆయన ఏయూలో చదివి, పాఠం చెప్పి, ఆ పద్ధతి పట్టుబడినాకే మీ దగ్గరికి వచ్చారు. ఎత్తుకెళ్లిన వస్తువు ఎవరిదో ఎత్తుకెళ్లినవాడే చెబితే ఎలా?

ఓయూ_వాడిని:
😂 సరే, పంచాయితీ తరవాత పెట్టుకుందాం.

వాల్తేరు_వాసు:
థ్రెడ్ దారిలో పడింది. నా వంతు.

నేను న్యూక్లియర్ ఫిజిక్స్. మా ల్యాబుకి స్వామి జ్ఞానానంద పేరు ఉంటుంది. చేరిన మొదటి వారం నేను అది ఏదో ఆశ్రమం వాళ్ల విరాళం అనుకున్నా. కాదు, ఆయనే ఫిజిసిస్టు! సొంతూరు భీమవరం దగ్గర గొరగనమూడి. సన్యాసం తీసుకుని హిమాలయాల్లో ఏళ్లు తపస్సు చేశారు. యోగం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లి, డ్రెస్డెన్‌లో ఫిజిక్సు వైపు తిరిగారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద డాక్టరేటు. ఆ తరవాత లివర్‌పూల్, న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర. తిరిగొచ్చి ఢిల్లీ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ, 1954లో వాల్తేరు. న్యూక్లియర్ ఫిజిక్సు డిపార్టుమెంటు ఆయన చేతుల మీదే మొదలైంది.

కాషాయంతో వచ్చి బీటా కిరణాల శక్తిని కొలిచే స్పెక్ట్రోమీటర్ గురించి పాఠం చెప్పే మనిషిని ఊహించుకోండి. మా సీనియర్లు చెప్పే కథల్లో సగం అతిశయోక్తులే అయ్యుండాలి, నేను అవి రాయను. ల్యాబు ఉంది, దాన్నుంచి పీహెచ్‌డీలు వచ్చాయి, అది చాలు.

లాజిక్_లక్ష్మణ్:
స్వామి గారు సరే. మరి అదే యూనివర్సిటీలో 1967లో పారాసైకాలజీకి డిపార్టుమెంటు పెట్టారు. టెలిపతీ, ముందే తెలియడం లాంటివి. అదీ ఘనతేనా?

తెలుగు_పంతులు:
కోనేరు రామకృష్ణారావు గారు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో ఇలాంటి ప్రయోగాలే చేసిన రైన్ దగ్గర పనిచేసి వచ్చి పెట్టారు. తరవాత వీసీ కూడా అయ్యారు. నమ్మాలా వద్దా అనేది వేరు. కనబడని కార్డు మీద ఏముందో చెప్పించి, అంకెలు రాసి, లెక్కగట్టి చూద్దాం అన్నారు, అది తప్పెలా అవుతుంది?

లాజిక్_లక్ష్మణ్:
అంకెలు రాయడం తప్పు కాదండీ. ప్రపంచంలో మరో ల్యాబు అదే ప్రయోగం చేసినా అదే ఫలితం రావాలి కదా, అక్కడే ఆగిపోయింది. నా దృష్టిలో అది ఘనత కాదు, ధైర్యం.

గణాంకం_గౌరి:
లక్ష్మణ్ గారికి ఒక ఓటు.

గుంటూరు_రమ:
మా తాతగారి సర్టిఫికెట్ మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అనే ఉంటుంది, కానీ ఆయన చదివింది గుంటూరులో! చిన్నప్పుడు ఆయన అబద్ధం చెబుతున్నారనుకునేదాన్ని. తరవాత తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. యూనివర్సిటీని గుంటూరుకి తరలించారు, యుద్ధం ముగిశాకే వెనక్కి తీసుకెళ్లారు. అసలు మొదలైంది బెజవాడలో, 1930లో వాల్తేరుకి మారింది. పుట్టింది ఒక చోట, పెరిగింది ఒక చోట, యుద్ధకాలంలో తలదాచుకున్నది మా ఊళ్లో.

తాతగారు చెప్పేవారు, వాల్తేరు నుంచి వచ్చిన కుర్రాళ్లకి గుంటూరు ఎండ పడేది కాదట. సాయంత్రమైతే సముద్రం ఎటు అని అడిగేవాళ్లట. మా ఊరి కుర్రాళ్లు ఏదో చెరువు చూపించి ఇదే అనేవాళ్లట.

సిక్కోలు_చిన్నోడు:
హహహ. ఆ చెరువుకి కూడా ఒక పేపరు రాయించాల్సింది లాఫాండ్ గారితో.

భాను_బీచ్‌రోడ్:
నేను 2014లో రీసెర్చ్ స్కాలర్‌ని, హాస్టల్లో ఉండేవాడిని. అక్టోబరు 12 హుద్‌హుద్ తుపాను. నా గదికి ఎదురు గది ఇథియోపియా అతనిది. అప్పట్లో క్యాంపస్‌లో ఇథియోపియా నుంచి పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్ల దేశానికి సముద్రమే లేదు, తుపాను అంటే ఏమిటో తెలీదు. పొద్దున్నుంచి కిటికీ అద్దాలు ఊగుతుంటే ఎప్పుడు ఆగుతుంది అని నన్ను అడుగుతాడు. నాకేం తెలుసు? మధ్యాహ్నం కాస్త నెమ్మదించింది. అయిపోయిందని బయటికి రాబోయాడు. మా రూమ్మేటు మెటీరియాలజీ, అంటే వాతావరణ శాస్త్రం, పరిగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని లోపలికి లాగాడు. అది తుపాను కన్ను, ఇంకో సగం ఉంది, ఈసారి గాలి ఎదురు వైపు నుంచి వస్తుంది అని. కాసేపటికి అలాగే వచ్చింది.

మర్నాడు బయటికి వస్తే క్యాంపస్ గుర్తుపట్టలేకపోయాం. దారి పొడవునా చెట్లు పడి ఉన్నాయి. అంతకుముందు చెట్లు అడ్డుండి కనబడని సముద్రం కొన్నిచోట్ల నేరుగా కనబడటం మొదలైంది. కరెంటు లేదు. అతను గది నుంచి చిన్న పొయ్యి తెచ్చి, వాళ్ల పద్ధతిలో పచ్చి కాఫీ గింజలు మా కళ్లముందే వేయించి, దంచి, కాచి ఇచ్చాడు. నేను అరకు కాఫీ గొప్పదని వాదించాను. కాఫీ పుట్టిందే మా దగ్గర, నువ్వు ఊరుకో అన్నాడు.

వాసు గారూ, ఇది పరిశోధన కాదని తెలుసు. హాస్టల్ అన్నారు కదా అని రాశాను.

వాల్తేరు_వాసు:
ఇదే కావాలండీ నాకు. ఆ మెటీరియాలజీ రూమ్మేటుకి పీహెచ్‌డీ అక్కడే ఇచ్చేయాల్సింది.

స్కాలర్_సంధ్య:
క్షమించండి, ఒక చేదు మాట. నేను ఇప్పుడు క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ పోస్టులన్నీ పైనుంచి కిందికి చదివాను. హుద్‌హుద్ తప్పిస్తే, సైన్సు అంతా దాదాపు 1967 దగ్గర ఆగిపోయింది. అది మీరు గమనించారా? మిగిలిందంతా కథలు. మేం కూడా రోజూ పొద్దున ల్యాబు తాళం తీస్తున్నాం, మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. శతాబ్ది సంచికలో ఫొటోలు కూడా పాతవే ఉంటాయి.

జియో_మాస్టారు:
అమ్మా, నువ్వన్నది నాకు తగిలింది. నిజమే. ఒక కారణం చెబుతాను, సాకు అనుకోకు. మా రోజుల్లో ఈ తీరాన సముద్రాన్ని చదవాలంటే వాల్తేరు తప్ప ఇంకో చోటు లేదు. తరవాత విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వచ్చింది. మా శిష్యులే అలాంటి సంస్థలకి వెళ్లారు. ఇంకోపక్క యూనివర్సిటీ తన కొమ్మలు తానే విడగొట్టింది. గుంటూరు పీజీ సెంటరు 1976లో నాగార్జున అయింది. గోదావరి జిల్లాలకి 2006లో నన్నయ. ఎచ్చెర్ల సెంటరు 2008లో అంబేడ్కర్ యూనివర్సిటీ. పని ఆగలేదు, చెల్లాచెదురైంది. ఒక చోట కనబడటం లేదు.

స్కాలర్_సంధ్య:
అది సగం జవాబే మాస్టారూ. మిగతా సగం అధ్యాపకుల ఖాళీలు, పాతబడిన పరికరాలు. రాష్ట్ర యూనివర్సిటీలన్నింటిదీ ఇదే కథ, మన ఒక్కరిదే కాదు. కానీ నూరేళ్ల పండగలో ఇది కూడా మాట్లాడుకోవాలి.

జియో_మాస్టారు:
మాట్లాడుకోవాలి. నీ పరిశోధన దేని మీద?

స్కాలర్_సంధ్య:
తీరం కోత మీద. మీరు మేకు పాతి చూశామన్నారు, మేం శాటిలైట్ ఫొటోలు పెట్టి చూస్తున్నాం. మీ కాలం కొలతలు పాత పేపర్లలో దొరికితే వాటితో పోల్చుకుంటాం. కాబట్టి మీరు పాతిన మేకులు ఇప్పటికీ పని చేస్తున్నాయి.

జియో_మాస్టారు:
(తాతయ్య రెండు నిమిషాలుగా ఏమీ చెప్పట్లేదు, ఫోను చూస్తూ నవ్వుతున్నారు. ఇట్లు మనవరాలు.)

సిక్కోలు_చిన్నోడు:
నాదీ ఒకటి. నేను రెగ్యులర్‌గా చదివాను గానీ మా ఇంట్లో మొదటి ఏయూ స్టూడెంటు మా నాన్న. క్యాంపస్ ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. సెకండరీ గ్రేడ్ టీచరు, ఉద్యోగం ఏజెన్సీ ఊళ్లో. కరస్పాండెన్స్‌లో బీఏ కట్టారు. ఏయూలో ఆ దూరవిద్య 1972లో మొదలైంది. పోస్టులో గోధుమరంగు ప్యాకెట్ వచ్చేది, నాన్న దాన్ని పాలేరు ముందు కూడా విప్పేవారు కాదు, రాత్రి లాంతరు దగ్గర విప్పేవారు. కాంటాక్ట్ క్లాసులకని సెలవు పెట్టి విశాఖ వెళ్లిన పది రోజులే ఆయన కాలేజీ జీవితం. మేం అడిగితే ఆ పది రోజుల్నే పదేళ్లుగా చెప్పేవారు. డిగ్రీ వచ్చాక ప్రమోషన్ వచ్చింది, మేం సిక్కోలు వచ్చాం, మా చదువులు అక్కడే.

మీ జాబితాలో పెడతారో పెట్టరో మీ ఇష్టం.

వాల్తేరు_వాసు:
పెడుతున్నా. పేరు మీరే చెప్పాలి, లేదా ‘ఏజెన్సీ టీచరు గారు’ అని పెడతా.

సిక్కోలు_చిన్నోడు:
రెండోదే పెట్టండి. పేరేస్తే నాన్న తిడతారు.

గణాంకం_గౌరి:
నేను హైదరాబాద్‌లో ఉంటాను, గత శనివారం పని మీద విశాఖ వచ్చాను. మాస్టారు చెప్పినదాన్ని పరీక్షిద్దామని పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని మా అబ్బాయితో బీచ్‌కి వెళ్లాను. కాగితం చుట్టి నల్ల ఇసుకలో తిప్పితే మీసాల్లా అంటుకుంది! వాడు గంటసేపు వదల్లేదు. పక్కన ఎర్రటి చారలు కూడా ఉన్నాయి, అవి మాత్రం అంటలేదు. అదేమిటి మాస్టారూ?

జియో_మాస్టారు:
ఎర్రది గార్నెట్ అమ్మా. మీసాల్లా గట్టిగా పట్టుకున్నది మాగ్నెటైట్. ఇల్మనైట్ కొంచెం మొహమాటంగా అంటుతుంది, దానికి ఇంకా బలమైన అయస్కాంతం కావాలి. మోనజైట్ మీ స్పీకరు అయస్కాంతానికి రాదు. అబ్బాయిని చేతులు కడుక్కోమను, ఇసుక సీసాలో పోసుకు తీసుకెళ్తానంటే ఒక చిన్న సీసాతో సరిపెట్టు. ఈసారి వచ్చినప్పుడు చెప్పు, నా దగ్గర మంచి అయస్కాంతం ఒకటుంది.